ఇంగ్లిష్ టెన్సులు: తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉదాహరణ వాక్యాలను పలికే తీరులోనే తెలుగు అక్షరాల్లో ఇచ్చాం. కళ్ళతో చూసి వదిలేయకుండా ఒక్కోదాన్ని పైకి చదవండి. టెన్స్ చివరికి చెవికి పట్టాల్సిన విషయం.

టెన్సులు నిజంగా పన్నెండేనా?

బడిలో నేర్పే లెక్క ప్రకారం పన్నెండే. కాలాలు మూడు: ప్రెజెంట్, పాస్ట్, ఫ్యూచర్. ఒక్కో కాలంలో పని సాగే తీరు నాలుగు విధాలు: సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్. మూడు నాలుగులు పన్నెండు.

భాషాశాస్త్రవేత్తల్లో చాలామంది మాత్రం ఇంగ్లిష్‌కు ఉన్నవి రెండే టెన్సులంటారు. కాలాన్ని బట్టి క్రియ తన రూపాన్ని మార్చుకునేది వర్తమానానికీ గతానికీ మధ్య మాత్రమే, "గో, వెంట్" లాగా. భవిష్యత్తుకు ప్రత్యేక రూపం లేదు, "విల్" అనే విడి మాటను అరువు తెచ్చుకోవాలి. ఇది పండితుల గొడవ అని పక్కన పెట్టేయకండి. రేపటి సంగతి చెప్పడానికి ఇంగ్లిష్‌లో నాలుగు దారులు ఎందుకున్నాయో దీన్నిబట్టే తెలుస్తుంది. ఆ నాలుగు దారుల గురించి కింద ఉంది.

పట్టికలోని పన్నెండు గళ్ళకూ ఒకే బరువు లేదు. సింపుల్ ప్రెజెంట్, సింపుల్ పాస్ట్, ప్రెజెంట్ కంటిన్యువస్, ప్రెజెంట్ పర్ఫెక్ట్, "విల్". ఈ అయిదూ తడబాటు లేకుండా వస్తే మాటల్లోనూ ఉత్తరాల్లోనూ చాలావరకు గట్టెక్కుతారు.

తెలుగులో ఎప్పుడూ తప్పని కాలం ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఎందుకు తప్పుతుంది?

తెలుగులో ఒక్క రూపం చేసే పనిని ఇంగ్లిష్ రెండు రూపాలకు పంచేసింది కాబట్టి. ఈ చీలిక ముఖ్యంగా మూడు చోట్ల ఉంది.

మొదటిది "వస్తాను". "రోజూ వస్తాను" అన్నా "రేపు వస్తాను" అన్నా మన క్రియ మారదు. ఇంగ్లిష్‌లో మొదటిది "ఐ కమ్", రెండోది "ఐ విల్ కమ్".

రెండోది "వచ్చాను". "నిన్న వచ్చాను", "ఇప్పుడే వచ్చాను" రెండింటికీ మనకు ఒకటే రూపం. ఇంగ్లిష్‌లో "ఐ కేమ్ యెస్టర్‌డే", "ఐ హ్యావ్ జస్ట్ కమ్".

మూడోది "చేస్తున్నాను". "ఇప్పుడు చేస్తున్నాను", "రెండేళ్ళ నుంచి చేస్తున్నాను". ఇంగ్లిష్‌లో "ఐ యామ్ డూయింగ్", "ఐ హ్యావ్ బీన్ డూయింగ్".

మనవాళ్ళు చేసే పెద్ద తప్పుల్లో ఎక్కువ భాగం ఈ మూడు చీలికల దగ్గరే పుడతాయి. అందుకే పట్టికను ఈ చివర నుంచి ఆ చివర దాకా బట్టీ పట్టడం కంటే, నోటికొచ్చిన తెలుగు క్రియ ఈ మూడింటిలో ఏ రకమో చూసుకుని, అక్కడ ఒక్క ప్రశ్న వేసుకోవడం మేలు.

"వస్తాను", "చేస్తాను" అన్నప్పుడు "విల్" పెట్టాలా, వద్దా?

తెలుగు వాక్యంలో "మామూలుగా" అన్న మాట ఇరికించి చూడండి. ఇమిడితే "విల్" వద్దు. "ఆమె లెక్కలు చెబుతుంది" అంటే మామూలుగా ఆమె చేసే పని అదే, కాబట్టి "షీ టీచెస్ మ్యాథ్స్". "ఈరోజు మాస్టారు రాలేదు, ఆమె లెక్కలు చెబుతుంది" అంటే ఇవాళ్టి ఏర్పాటు. ఇక్కడ "మామూలుగా" ఇమడదు, కాబట్టి "షీ విల్ టీచ్".

ఎప్పటికీ నిజమైన సంగతులకూ సింపుల్ ప్రెజెంటే. సముద్రమట్టం దగ్గర నీళ్ళు 100 డిగ్రీల సెల్సియస్‌కు మరుగుతాయి: "వాటర్ బాయిల్స్".

దీనికి అవతలి తప్పు ఒకటుంది. "రోజూ బస్సులో వెళ్తున్నాను" అని తెలుగులో అంటాం కదా అని "ఐ యామ్ గోయింగ్ బై బస్ ఎవ్రీ డే" అంటారు. స్థిరమైన అలవాటైతే "ఐ గో బై బస్ ఎవ్రీ డే". బండి మరమ్మతులో ఉండి ఈ వారం మాత్రమే బస్సెక్కుతుంటే అప్పుడు "ఐ యామ్ గోయింగ్ బై బస్ దిస్ వీక్" సరైనదే. తాత్కాలికమైన అలవాటుకు కంటిన్యువస్ పనికొస్తుంది.

హీ, షీ, ఇట్ వచ్చినప్పుడు చివర "ఎస్" మరిచిపోతున్నాను. ఏం చేయాలి?

తెలుగులో కర్తను బట్టి క్రియ ప్రతిసారీ మారుతుంది: వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు. ఇంగ్లిష్‌లో అవన్నీ రాలిపోయి సింపుల్ ప్రెజెంట్‌లో ఒక్క "ఎస్" మిగిలింది. మిగిలింది ఒక్కటే గనక వదిలేస్తే వెంటనే కనిపిస్తుంది.

రాసేటప్పుడు ఒక గుర్తు: "బాయ్స్ ప్లే", "ఎ బాయ్ ప్లేస్". ఎస్ నామవాచకానికి ఉంటే క్రియకు ఉండదు, క్రియకు ఉంటే నామవాచకానికి ఉండదు. "చిల్డ్రన్" లాంటి బహువచనాలకు ఈ గుర్తు సరిపోదు గానీ, చాలా వాక్యాల్లో పనిచేస్తుంది.

స్పెల్లింగ్ సంగతి: క్రియ ఎస్, ఎస్‌హెచ్, సీహెచ్, ఎక్స్, జెడ్, ఓ అక్షరాలతో ముగిస్తే సాధారణంగా ఈఎస్ చేర్చాలి: వాచెస్, ఫిక్సెస్, గోజ్. హల్లు తర్వాత వై ఉంటే వై పోయి ఐఈఎస్ వస్తుంది: "స్టడీ" నుంచి "స్టడీజ్". అచ్చు తర్వాత వై ఉంటే అలాగే ఉంచి ఎస్ ఒక్కటే: "ప్లేస్".

"ఐ యామ్ అగ్రీ", "ఐ యామ్ గో" ఎందుకు తప్పు?

"నేను డాక్టర్ని" అనే వాక్యంలో మనకు క్రియే లేదు. ఇంగ్లిష్‌లో అక్కడ "యామ్" కావాలి. మొదటి పాఠంలోనే "ఐ యామ్" అనేదాన్ని కలిపి నేర్చుకోవడం వల్ల, "నేను" అన్న మాటకు ఇంగ్లిష్ "ఐ యామ్" అన్నట్టు మనసులో నాటుకుపోతుంది. తప్పు అక్కడి నుంచే వస్తుంది.

యామ్, ఈజ్, ఆర్ తర్వాత మామూలు క్రియ ఉత్తినే రాకూడదు. వస్తే ఐఎన్‌జీ రూపం రావాలి: "ఐ యామ్ గోయింగ్". లేదా కర్మణి వాక్యమైతే క్రియ మూడో రూపం ("గో, వెంట్, గాన్"లో "గాన్" లాంటిది): "ఇట్ ఈజ్ మేడ్". "అగ్రీ" స్వయంగా క్రియ, దానికి తోడు అక్కర్లేదు: "ఐ అగ్రీ".

"చూశాను" అంటే "ఐ సా" అనాలా, "ఐ హ్యావ్ సీన్" అనాలా?

అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. ఓపిగ్గా చూడాల్సిందీ ఇదే.

"ఎప్పుడు?" అన్న ప్రశ్నకు మీ వాక్యంలో జవాబుందా? ఉండి, ఆ సమయం గడిచిపోయిందైతే సింపుల్ పాస్ట్. నిన్న, పోయిన వారం, 2019లో, రెండు గంటల క్రితం: ఇవన్నీ తలుపు మూసేసిన సమయాలు. "ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" తప్పు, "ఐ సా హిమ్ యెస్టర్‌డే" ఒప్పు. కారణం పేరులోనే ఉంది: ప్రెజెంట్ పర్ఫెక్ట్ అన్నది ప్రెజెంట్. "హ్యావ్" వర్తమాన రూపం. అది ఇప్పుడు నిలబడి వెనక్కి చూడడం. మూసేసిన నిన్నటితో దానికి పొత్తు కుదరదు.

సమయం చెప్పకపోతేనో, చెప్పిన సమయం ఇంకా నడుస్తుంటేనో ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు చోటుంటుంది. "ఐ హ్యావ్ సీన్ హిమ్ ట్వైస్ దిస్ వీక్": వారం ఇంకా పూర్తి కాలేదు.

ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడండి.

"ఐ లాస్ట్ మై కీస్."
"ఐ హ్యావ్ లాస్ట్ మై కీస్."

తెలుగులో రెండూ "తాళాలు పోగొట్టుకున్నాను". మొదటిది జరిగిన సంగతి మాత్రమే చెబుతుంది. తర్వాత దొరికాయో లేదో అందులో లేదు. అందుకే దాని వెంట "బట్ ఐ ఫౌండ్ దెమ్ ది నెక్స్ట్ డే" అని హాయిగా కలపొచ్చు. రెండోది ఇప్పటి పరిస్థితి చెబుతుంది: తాళాలు లేవు, తలుపు బయటే నిలబడ్డాను. గతంలో జరిగినదాని ఫలితం ఈ క్షణాన కళ్ళముందు ఉందా అన్నదే తేడా.

ఇదే కారణంగా, బతికున్న రచయిత్రి గురించి "షీ హ్యాజ్ రిటెన్ ఫైవ్ నావెల్స్" అంటాం, ఆరోది రావచ్చు. చనిపోయిన రచయిత్రి అయితే "షీ రోట్ ఫైవ్ నావెల్స్".

సంభాషణలో ఈ రెండూ ఒక వరసలో వస్తాయి. అడగడం పర్ఫెక్ట్‌లో మొదలవుతుంది, వివరాల్లోకి దిగగానే పాస్ట్‌లోకి మారుతుంది.

"హ్యావ్ యూ సీన్ ది రిపోర్ట్?"
"యెస్, ఐ హ్యావ్."
"వెన్ డిడ్ యూ సీ ఇట్?"
"ఐ సా ఇట్ ఆన్ మండే."

మూడో వాక్యంలో "వెన్ హ్యావ్ యూ సీన్ ఇట్" అనకూడదు. "వెన్" అడగడంతోనే సమయం బల్లమీదికి వచ్చేసింది.

ఆల్రెడీ, యెట్, జస్ట్, ఎవర్ ఎక్కడ పెట్టాలి?

"ఇప్పటికే"కు ఆల్రెడీ, "ఇప్పుడే"కు జస్ట్, "ఎప్పుడైనా"కు ఎవర్. ఈ మూడూ మామూలుగా "హ్యావ్"కూ మూడో రూపానికీ మధ్య కూర్చుంటాయి: "ఐ హ్యావ్ ఆల్రెడీ పెయిడ్". "యెట్" చివర వస్తుంది, వ్యతిరేక వాక్యాల్లోనూ ప్రశ్నల్లోనూ: "హీ హ్యాజ్ నాట్ కమ్ యెట్".

"ఇంకా" దగ్గర జాగ్రత్త. "ఇంకా రాలేదు"లో అది యెట్. "ఇంకా ఇక్కడే ఉన్నాడు"లో అది స్టిల్: "హీ ఈజ్ స్టిల్ హియర్".

"హీ హ్యాజ్ గాన్", "హీ హ్యాజ్ బీన్" తేడా ఏమిటి?

"హీ హ్యాజ్ గాన్ టు లండన్": వెళ్ళాడు, ఇంకా తిరిగి రాలేదు. "హీ హ్యాజ్ బీన్ టు లండన్": వెళ్ళొచ్చాడు. తెలుగులో "వెళ్ళాడు", "వెళ్ళొచ్చాడు" అని మనకూ ఉన్న తేడానే. ఎదురుగా కూర్చుని "ఐ హ్యావ్ గాన్ టు లండన్" అంటే కుదరదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అమెరికన్లు "డిడ్ యూ ఈట్ ఆల్రెడీ?" అంటారు. అది తప్పా?

కాదు. ఆల్రెడీ, జస్ట్, యెట్ ఉన్నచోట అమెరికన్ వాడుకలో సింపుల్ పాస్ట్ మామూలే. బ్రిటిష్ పద్ధతిలో "హ్యావ్ యూ ఈటెన్?" అంటారు. పరీక్షకు రాస్తుంటే ఏదో ఒక పద్ధతికి కట్టుబడండి. అయితే "హ్యావ్ సీన్ యెస్టర్‌డే" మాత్రం రెండు వైపులా తప్పే.

"ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అంటే అందరికీ అర్థమవుతుంది. తప్పెక్కడ?

అర్థమవుతుంది, నిజమే. కానీ ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. రెండూ మన "నుంచి", "చేస్తున్నాను" నేరుగా దిగుమతి కావడం వల్ల వచ్చినవే.

ముందు క్రియ. "ఐ యామ్ వర్కింగ్" ఈ క్షణాన్నీ ఈ రోజుల్నీ మాత్రమే చూపిస్తుంది. వెనక్కి రెండేళ్ళు చాచే శక్తి దానికి లేదు. వెనక మొదలై ఇప్పటిదాకా సాగుతున్న పనికి "హ్యావ్ బీన్ వర్కింగ్" కావాలి. ఇందులో "హ్యావ్" ఇప్పటిని పట్టుకుంటుంది, "బీన్" గతాన్ని కలుపుతుంది, ఐఎన్‌జీ సాగుదలను చెబుతుంది.

తర్వాత "సిన్స్". తెలుగులో "సోమవారం నుంచి", "రెండేళ్ళ నుంచి" అని రెండు చోట్లా "నుంచి" వాడతాం. ఇంగ్లిష్‌లో మొదలైన బిందువుకు సిన్స్, గడిచిన పొడవుకు ఫర్. క్యాలెండర్ మీదో గడియారం మీదో వేలు పెట్టి "ఇదిగో ఇక్కడ" అని చూపించగలిగితే సిన్స్: సిన్స్ మండే, సిన్స్ 2022, సిన్స్ టెన్ ఓ క్లాక్. కొలవగలిగితే ఫర్: ఫర్ టూ ఇయర్స్, ఫర్ టెన్ మినిట్స్, ఫర్ ఎ లాంగ్ టైమ్.

సరిచేసిన వాక్యం: "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్".

"ఫ్రమ్ లాస్ట్ టూ ఇయర్స్" కూడా ఇదే జబ్బు. "ఫర్ ది లాస్ట్ టూ ఇయర్స్" అనాలి.

మేనేజర్లు, ఇంటర్‌వ్యూ చేసేవాళ్ళు పట్టుకునే ఒక తేడా ఉంది. "ఐ హ్యావ్ వర్క్‌ట్ దేర్ ఫర్ టూ ఇయర్స్" అంటే ఇంకా అక్కడే ఉన్నారనే అనిపిస్తుంది. "ఐ వర్క్‌ట్ దేర్ ఫర్ టూ ఇయర్స్" అంటే మానేశారు. ఉద్యోగ దరఖాస్తులో పాత కొలువుల గురించి రాసేటప్పుడు ఇది తారుమారైతే అవతలివాళ్ళకు అనుమానం వస్తుంది.

"ఐ డిడ్ నాట్ వెంట్" ఎందుకు కాదు? జరిగిపోయిన పనే కదా?

జరిగిపోయిందని "డిడ్" ఇప్పటికే చెప్పేసింది. ఇంగ్లిష్ క్రియల వరసలో కాలాన్ని మోసేది మొదటి మాట ఒక్కటే. రెండోసారి చెప్పకూడదు. అందుకే "ఐ డిడ్ నాట్ గో", "డిడ్ యూ గో?". "డజ్" సంగతీ అంతే: "హీ డజ్ నాట్ గో", "గోజ్" కాదు.

నిజానికి తెలుగూ ఇదే చేస్తుంది. "వెళ్ళాను"కు వ్యతిరేకం "వెళ్ళానులేదు" కాదు, "వెళ్ళలేదు". తోక రాలిపోయి బరువు "లేదు" మీద పడింది. "లేదు" స్థానంలో "డిడ్ నాట్"ను ఊహించుకోండి.

"వేర్ యూ వెంట్?" అని తరచుగా వినిపిస్తుంది. "వేర్ డిడ్ యూ గో?" అనాలి. ఒక్క చోట మాత్రం డిడ్ రాదు: ప్రశ్నపదమే కర్త అయినప్పుడు. "ఎవరు వెళ్ళారు?" అంటే "హూ వెంట్?".

"ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్" తప్పంటారు. మరి "ఐ యామ్ హ్యావింగ్ లంచ్" ఎలా ఒప్పు?

మొదటి వాక్యంలో "హ్యావ్" అంటే ఉండడం, అది స్థితి. రెండోదాంట్లో తినడం, అది పని. మొదలుపెట్టి, మధ్యలో ఆపి, ముగించగలిగే పనికే కంటిన్యువస్. అన్నదమ్ములు ఉండడాన్ని మధ్యలో ఆపలేం.

నో, బిలీవ్, వాంట్, నీడ్, లైక్, ఓన్, బిలాంగ్, సీమ్, అండర్‌స్టాండ్: ఇవి స్థితిని చెప్పే క్రియలు. "తెలుసు" విషయంలో మనం తప్పు చేయం, తెలుగులోనూ అది సాగే రూపంలో ఉండదు కాబట్టి. చిక్కంతా "అర్థమవుతోంది", "కనిపిస్తోంది", "వినిపిస్తోంది" దగ్గర. తెలుగులో ఇవి హాయిగా సాగుతాయి, అందుకే "ఐ యామ్ అండర్‌స్టాండింగ్", "ఐ యామ్ నాట్ హియరింగ్ యూ" అనేస్తాం. ఇంగ్లిష్‌లో "ఐ అండర్‌స్టాండ్", "ఐ కాంట్ హియర్ యూ".

థింక్‌కు రెండు ముఖాలున్నాయి. అభిప్రాయమైతే స్థితి: "ఐ థింక్ హీ ఈజ్ రైట్". ఆలోచనలో పడి ఉంటే పని: "ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్".

ఈ క్రియలకు "ఫర్", "సిన్స్" తోడైనా ఐఎన్‌జీ రాదు. "పదేళ్ళుగా ఆమె నాకు తెలుసు": "ఐ హ్యావ్ నోన్ హర్ ఫర్ టెన్ ఇయర్స్".

బాగా పాత సంగతి చెప్పేటప్పుడు "హ్యాడ్" వాడాలా?

అక్కర్లేదు. ఎంత పాతదన్నది లెక్కలోకి రాదు. వెయ్యేళ్ళ కిందటి యుద్ధానికైనా సింపుల్ పాస్ట్ సరిపోతుంది. "ఐ హ్యాడ్ గాన్ దేర్ యెస్టర్‌డే" అని ఒంటరిగా రాస్తే వాక్యం సగంలో ఆగినట్టుంటుంది, చదివేవాళ్ళు "వెళ్ళాక ఏమైంది?" అని ఎదురుచూస్తారు.

హ్యాడ్ పని ఒక్కటే: గతంలో జరిగిన రెండింటిలో ముందు జరిగినదాన్ని చూపించడం. "వెన్ వీ రీచ్‌ట్ ది స్టేషన్, ది ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్" అంటే మనం చేరేసరికే రైలు వెళ్ళిపోయింది. "వెన్ వీ రీచ్‌ట్ ది స్టేషన్, ది ట్రెయిన్ లెఫ్ట్" అంటే మనం చేరాక, మన కళ్ళముందే కదిలింది. బిఫోర్, ఆఫ్టర్ లాంటి మాట వరసను ఇప్పటికే స్పష్టం చేసి ఉంటే హ్యాడ్ లేకపోయినా నష్టం లేదు.

"హ్యాడ్ హ్యాడ్" అని పక్కపక్కన చూసి కంగారు పడకండి. మొదటిది సహాయక క్రియ, రెండోది "హ్యావ్"కు మూడో రూపం.

"వెళ్ళేవాణ్ణి" అనడానికి ఇంగ్లిష్‌లో ఏముంది?

"యూజ్డ్ టు". "చిన్నప్పుడు రోజూ ఈతకు వెళ్ళేవాణ్ణి": "ఐ యూజ్డ్ టు గో స్విమ్మింగ్ ఎవ్రీ డే". అంటే ఇప్పుడు వెళ్ళడం లేదని కూడా అందులోనే ఉంది. ఇప్పటి అలవాటుకు దీన్ని వాడకూడదు. "ఐ యూజ్ టు గెట్ అప్ ఎట్ ఫైవ్" అని ఇప్పటి సంగతిగా చెబితే తప్పు, "ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్" చాలు. "ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్ ఎట్ ఫైవ్" అంటే పూర్తిగా వేరే అర్థం: అయిదింటికి లేవడం నాకు అలవాటైపోయింది.

రేపటి సంగతికి "విల్" ఒక్కటే చాలదా?

అర్థం కావడానికి చాలు. కానీ ఇంగ్లిష్ వినేవాడికి మీ మనసులో ఆ పని ఎంత దూరం వచ్చిందో కూడా తెలుస్తుంది. ఫోన్ మోగుతోంది, "ఐ విల్ గెట్ ఇట్" అంటే అప్పటికప్పుడు అనుకున్నది. "ఐ యామ్ గోయింగ్ టు సెల్ ది కార్" అంటే ముందే నిశ్చయించుకున్నది. "ఐ యామ్ మీటింగ్ ది డాక్టర్ ఎట్ ఫోర్" అంటే ఏర్పాటు అయిపోయింది, అవతలివాళ్ళకూ తెలుసు. "ది ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్" అంటే టైమ్‌టేబుల్‌లో అచ్చయి ఉన్నది.

మన "బోతున్నాను" చాలాచోట్ల "గోయింగ్ టు"కు సరిగ్గా సరిపోతుంది. మబ్బు పట్టింది, వాన పడబోతోంది: "ఇట్ ఈజ్ గోయింగ్ టు రెయిన్". కళ్ళముందు గుర్తులు కనిపిస్తున్నప్పుడు విల్ కంటే ఇదే నప్పుతుంది.

"ఇఫ్ ఇట్ విల్ రెయిన్" ఎందుకు అనకూడదు? వాన భవిష్యత్తులోనే కదా?

భవిష్యత్తే. అయితే ఇఫ్, వెన్, అంటిల్, బిఫోర్, ఆఫ్టర్, యాజ్ సూన్ యాజ్ వీటితో మొదలయ్యే ముక్కలో ఇంగ్లిష్ విల్ పెట్టదు. ఆ ముక్కలో ప్రెజెంట్, ప్రధాన వాక్యంలో విల్: "ఇఫ్ ఇట్ రెయిన్స్, వీ విల్ స్టే". తెలుగు "వాన పడితే"లోనూ కాలం చెప్పే తోక లేదు, గమనించండి. కాలం చెప్పే బాధ్యత "ఉంటాం" మీదే ఉంది.

మినహాయింపు: "వెన్" నిజంగా ప్రశ్న అయినప్పుడు విల్ వస్తుంది. "వెన్ విల్ హీ కమ్?", "ఐ డోంట్ నో వెన్ హీ విల్ కమ్". రెండోదాంట్లో "వెన్"కు అర్థం "వచ్చినప్పుడు" కాదు, "ఎప్పుడు వస్తాడో".

"వస్తానన్నాడు" అని చెప్పాలంటే?

"హీ సెడ్ హీ వుడ్ కమ్". తెలుగులో అవతలివాడి మాటను ఉన్నదున్నట్టు ఉంచి "అన్నాడు" తగిలిస్తాం. ఇంగ్లిష్‌లో "సెడ్" గతంలో ఉంటే లోపలి క్రియ కూడా ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది: విల్ వుడ్ అవుతుంది, ఈజ్ వాజ్ అవుతుంది, హ్యావ్ హ్యాడ్ అవుతుంది. "ఐ" కూడా "హీ"గా మారాలి. అలా మార్చకుండా "హీ సెడ్ ఐ విల్ కమ్" అంటే, వచ్చేది మీరని అర్థం మారిపోతుంది. చెప్పిన సంగతి ఇప్పటికీ నిజమైతే వెనక్కి జరపకపోయినా తప్పు కాదు.

"వాకెడ్", "వాషెడ్" అని పలకాలా?

కాదు. ఈడీకి మూడు పలుకులున్నాయి. టీ, డీ ధ్వనులతో ముగిసే క్రియలకు మాత్రమే "ఎడ్" అని విడిగా వినిపిస్తుంది: వాంటెడ్, నీడెడ్. పీ, కే, ఎఫ్, ఎస్, ష్, చ్ లాంటి ఊపిరి ధ్వనులతో ముగిస్తే "ట్": వాక్‌ట్, వాష్‌ట్, హెల్ప్‌ట్. మిగిలినవాటికి "డ్": ప్లేడ్, కాల్డ్, ఓపెన్డ్. గొంతు మీద వేలు పెట్టి చూడండి, క్రియ చివరి ధ్వనికి గొంతు అదిరితే "డ్", అదరకపోతే "ట్".

గో, వెంట్, గాన్ లాంటివి ఎన్ని? ఎలా గుర్తుంచుకోవాలి?

వాడుకలో ఉన్నవి దాదాపు 200. అక్షర క్రమంలో చదివితే నిలవవు, ధ్వనుల గుంపులుగా చదివితే నిలుస్తాయి. మూడు రూపాలూ ఒకటే అయినవి: పుట్, కట్, హిట్, షట్, లెట్, కాస్ట్. ఒకటీ మూడూ ఒకటైనవి: కమ్, కేమ్, కమ్, రన్, ర్యాన్, రన్. "ఆట్" అని ముగిసేవి: బాట్, బ్రాట్, థాట్, కాట్, టాట్. అచ్చు మారేవి: సింగ్, స్యాంగ్, సంగ్, డ్రింక్, డ్ర్యాంక్, డ్రంక్.

"రీడ్" రాత మూడింటికీ ఒకటే, పలకడం మాత్రం రీడ్, రెడ్, రెడ్. బాగా చదువుకున్నవాళ్ళు కూడా తడబడే జత ఒకటుంది: "లై, లే, లేన్" అంటే పడుకోవడం; "లే, లెయిడ్, లెయిడ్" అంటే పెట్టడం, పరచడం. అబద్ధమాడే "లై"కి "లైడ్, లైడ్".

రాసింది పంపేముందు ఏ వరసలో సరిచూసుకోవాలి?

ఈ నాలుగు వాక్యాలు తీసుకోండి.

"ఐ యామ్ వర్కింగ్ ఇన్ దిస్ ఆఫీస్ సిన్స్ త్రీ ఇయర్స్. లాస్ట్ మంత్ ఐ హ్యావ్ కంప్లీటెడ్ ఎ కోర్స్. ఐ డిడ్ నాట్ రిసీవ్డ్ ది సర్టిఫికెట్ యెట్. వెన్ ఇట్ విల్ కమ్, ఐ విల్ సెండ్ ఇట్."

ముందు కాలం చెప్పే మాటల కింద గీతలు గీయండి: సిన్స్ త్రీ ఇయర్స్, లాస్ట్ మంత్, యెట్, వెన్. తప్పులన్నీ వాటి పక్కనే దొరుకుతాయి. మూడేళ్ళు పొడవు కాబట్టి ఫర్, సాగుతోంది కాబట్టి హ్యావ్ బీన్ వర్కింగ్. లాస్ట్ మంత్ మూసేసిన సమయం కాబట్టి హ్యావ్ తీసేయాలి. "యెట్" ఉంది, ఫలితం ఇప్పటికి సంబంధించింది కాబట్టి "హ్యావ్ నాట్ రిసీవ్డ్". ఒకవేళ డిడ్ ఉంచాలనుకుంటే రిసీవ్డ్ కాస్తా రిసీవ్ కావాలి. వెన్ ముక్కలో విల్ పోయి "వెన్ ఇట్ కమ్స్".

"ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఇన్ దిస్ ఆఫీస్ ఫర్ త్రీ ఇయర్స్. లాస్ట్ మంత్ ఐ కంప్లీటెడ్ ఎ కోర్స్. ఐ హ్యావ్ నాట్ రిసీవ్డ్ ది సర్టిఫికెట్ యెట్. వెన్ ఇట్ కమ్స్, ఐ విల్ సెండ్ ఇట్."

నాలుగు వాక్యాల్లో అయిదు టెన్సులున్నాయి, అయినా ఎక్కడా అతుకు కనిపించదు. ఒక పేరాలో ఒకే టెన్స్ ఉండాలన్న నియమం లేదు. ప్రతి మార్పుకూ కాలంలో కారణం ఉంటే చాలు. కారణం లేకుండా కథ మధ్యలో "హీ ఓపెన్డ్ ది డోర్ అండ్ సీస్ ఎ డాగ్" అని మారితేనే తప్పు. "సీస్"ను "సా" చేయండి.

ఫ్యూచర్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ కూడా నేర్చుకోవాలా?

చూసి గుర్తుపట్టగలిగితే చాలు. "బై నెక్స్ట్ జూన్, ఐ విల్ హ్యావ్ బీన్ టీచింగ్ ఫర్ టెన్ ఇయర్స్": వచ్చే జూన్‌కు నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టి పదేళ్ళవుతుంది. అరుదుగా వస్తుంది. దానికి కేటాయించే గంటను "సా", "హ్యావ్ సీన్" మీద పెట్టండి.